360 గ్రాముల నిక్కోర్: కొండలకు మోసుకెళ్ళదగిన వైడ్ యాంగిల్ లెన్సు

నిక్కోర్ ఎస్‌డబ్ల్యూ 90 మి.మీ. ఎఫ్/8 లెన్సు షట్టరుతో కలిపి 360 గ్రాములు తూగుతుంది. ఇది నికాన్ కంపెనీ చేసినది. రంధ్రాన్ని ఎఫ్/22కు మూసినప్పుడు దాని ప్రతిబింబ వలయం (ఫిల్ము మీద అది వేసే గుండ్రటి బొమ్మ) వ్యాసం 235 మి.మీ. పెద్ద కెమెరాల్లో ఒక్కో రేకుగా వాడే 4×5 అంగుళాల ఫిల్ముకు పనికివచ్చే వైడ్ యాంగిల్ లెన్సుల్లో ఇంత తక్కువ బరువుకు ఇంత పెద్ద వలయాన్ని ఇచ్చేవి అరుదు. బెంగళూరులో ఉంటూ చుట్టుపక్కల రాతికొండలకూ, సెలవులు కలిసొచ్చినప్పుడు కడప జిల్లా గండికోటకూ దీన్ని మోసుకెళ్ళి వాడుతున్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా ఈ లెన్సు గురించే. అయితే దీన్ని ఎందుకు ఎంచుకున్నానో తెలియాలంటే, చేతికి వచ్చినా పక్కన పెట్టిన లెన్సుల సంగతి కూడా చెప్పక తప్పదు. తేలికైన లెన్సు కోసం వెతికేవారు సాధారణంగా తూకం అంకె దగ్గరే ఆగిపోతారు. ఆ బరువుకు ఎంత వలయం వస్తోంది, అందులో మనం తీసే బొమ్మలకు నిజంగా అవసరమయ్యేది ఎంత అనే లెక్క వేసుకున్నాక చూస్తే జాబితాలో వరుస మారిపోతుంది.

4×5 ఫిల్ము మీద బొమ్మ పడే భాగం సుమారు 96 × 121 మి.మీ. దాని కర్ణం 154 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి, మూలలు నల్లబడకూడదంటే లెన్సు కనీసం అంత వ్యాసం గల వలయాన్ని ఫిల్ము మీద వేయగలగాలి. 90 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఈ ఫిల్ము మీద అడ్డంగా 68 డిగ్రీల దృశ్యాన్ని పట్టుకుంటుంది. 35 మి.మీ. కెమెరా అలవాటున్నవారికి అది ఇంచుమించు 27 మి.మీ. లెన్సు చూపే వెడల్పు. 75, 65 మి.మీ. లెన్సులు ఇంకా ఎక్కువ వెడల్పు చూపుతాయి గానీ, దక్కను రాతికొండల ముందు వాటిని పెడితే కొండ చిన్నదై నేల పెద్దదవుతుంది. నా మటుకు ప్రకృతి దృశ్యాలకు 90 దగ్గర ఆగడమే మేలనిపించింది.

ఇక వలయం లెక్క. ప్రకృతి దృశ్యాలు తీసేవారు ఎక్కువగా వాడేది లెన్సును పట్టి ఉంచే చట్రాన్ని, అంటే ముందు స్టాండర్డును, కొద్దిగా ముందుకు వంచే టిల్ట్. కాళ్ళ దగ్గరి రాయి మొదలుకొని దూరపు కొండ దాకా నేలంతా స్పష్టంగా రావాలంటే ఎంత వంచాలో చెప్పే సూత్రం సులువైనది: నాభ్యంతరాన్ని నేల నుంచి లెన్సు ఎత్తుతో భాగిస్తే వంపు కోణపు సైన్ విలువ వస్తుంది. కెమెరాను 1.5 మీటర్ల ఎత్తున నిలిపితే 90 మి.మీ. లెన్సుకు కావలసిన వంపు 3.4 డిగ్రీలే. ఆ కాస్త వంపుకు వలయపు కేంద్రం జరిగేది 5 మి.మీ. మాత్రమే. అంటే టిల్ట్ ఒక్కటే వాడేవారికి 165 మి.మీ. వలయం చాలు. అంతకు మించి ఉన్న వలయమంతా లెన్సును పైకి జరిపే రైజ్ కోసమో, కిందికి దించే ఫాల్ కోసమో ఉపయోగపడవలసిందే. ఆ రెండూ వాడనివారు పెద్ద వలయం కోసం డబ్బూ బరువూ మోయడం దండగ.

నాకు ఆ రెండూ కావాలి. మాగడి దగ్గరి సావనదుర్గను కింద నుంచి తీయాలని కెమెరాను పైకెత్తితే, ఆ ఏకశిల శిఖరం వెనక్కి వాలి కుదించుకుపోతుంది, దాని మొదట్లో ఉన్న చెట్లన్నీ లోపలికి ఒరుగుతాయి. కట్టడాల బొమ్మల్లో ఈ ఒరుగుడు ఎంత తప్పుగా కనిపిస్తుందో కొండల్లో అంత కనిపించదన్న మాట నిజమే. కానీ చెట్లున్న చోట అది దాగదు. కెమెరాను నిటారుగా ఉంచి, ఫిల్మును అడ్డంగా పెట్టినప్పుడు 90 మి.మీ. లెన్సు చూపులో పై అంచు క్షితిజ రేఖకు 28 డిగ్రీల ఎత్తున ఉంటుంది. లెన్సును 40 మి.మీ. పైకి జరిపితే అది 44 డిగ్రీలకు చేరుతుంది. సావనదుర్గ దగ్గర ఆ పదహారు డిగ్రీలు ఉంటే శిఖరం పైన కాస్త ఆకాశం మిగులుతుంది, లేకపోతే శిఖరమే తెగిపోతుంది. గండికోటలో పని దీనికి తలకిందులు. కోట అంచున నిలబడితే పెన్నా నది లోయ అడుగున ఉంటుంది. కెమెరాను కిందికి వంచితే ఎదుటి గట్టు ఎర్రరాతి గోడలు నిలువుతనం కోల్పోతాయి. కెమెరాను సమంగా ఉంచి లెన్సును కిందికి దించితే నదీ, గోడలూ రెండూ సరిగా కుదురుతాయి. నంది కొండల్లో పుట్టిన ఈ నదే అక్కడ అంత లోతు కోసుకుపోయిందని తలచుకుంటే, ఇక్కడి కొండలకూ గండికోటకూ ఒకే లెన్సు తీసుకెళ్ళాలన్న కోరిక నాకు ఎందుకు కలిగిందో అర్థమవుతుంది.

235 మి.మీ. వలయంతో లెక్కప్రకారం 52 మి.మీ. దాకా రైజ్ దొరుకుతుంది. 216 మి.మీ. వలయంతో 41 మి.మీ. వస్తుంది. చాలా చెక్క ఫీల్డ్ కెమెరాల్లో ముందు స్టాండర్డు అంత దూరం జరగనే జరగదు కాబట్టి, ఆ తేడా కాగితం మీదిదేనని వాదించవచ్చు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఏ లెన్సుకైనా వలయపు అంచు దగ్గర స్పష్టత తగ్గుతుంది, వెలుగు తగ్గుతుంది. 40 మి.మీ. రైజ్ ఇచ్చినప్పుడు చిన్న వలయం గల లెన్సు తన చివరి అంచుతో బొమ్మ మూలను గీస్తుంటే, నిక్కోర్‌కు ఇంకా ఒక సెంటీమీటరు మిగిలే ఉంటుంది. సావనదుర్గ నెగటివుల్లో పై మూలల్లోని రాతి చారలను భూతద్దంతో చూసినప్పుడు ఆ మిగులు విలువ నాకు కనిపించింది.

పోటీ లెన్సుల్లో మొదట చెప్పవలసింది దీని అన్నగారైన నిక్కోర్ ఎస్‌డబ్ల్యూ 90 మి.మీ. ఎఫ్/4.5. వలయం అదే 235, బరువు 600 గ్రాములు, ఫిల్టరు కొలత 82 మి.మీ. ఎఫ్/8 లెన్సుకు 67 మి.మీ. ఫిల్టరు సరిపోతుంది. రెండింటి మధ్య 240 గ్రాముల తేడా దాదాపు పావు లీటరు నీళ్ళ బరువు. ఎండాకాలం రామనగర గుట్టల మీద నేను నీళ్ళకే ఓటు వేస్తాను. ష్నైడర్ సూపర్ ఆంగులాన్ 90 మి.మీ. ఎఫ్/8 మంచి లెన్సే, బరువులో పెద్ద తేడా లేదు, వలయం మాత్రం 216. ఫుజినాన్ ఎస్‌డబ్ల్యూ 90 మి.మీ. ఎఫ్/8 కూడా అదే కోవలోది. రోడెన్‌స్టాక్ గ్రాండగాన్ ఎన్ 90 మి.మీ. ఎఫ్/6.8 వలయం 221 మి.మీ., వెలుగు అర స్టాపు మెరుగు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు), బరువు సుమారు వంద గ్రాములు ఎక్కువ. ఈ నాలుగింటిలో ఏది కొన్నా ఎఫ్/22 దగ్గర, బొమ్మ నడిమి భాగంలో, తేడా కనిపెట్టడం కష్టం. సూపర్ ఆంగులాన్ ఎక్స్‌ఎల్ 90 మి.మీ. గురించి తరచు అడుగుతారు. దాని వలయం 259 మి.మీ., కానీ ఫిల్టరు 95 మి.మీ., వెనుక గాజు ఎంత పెద్దదంటే కొన్ని చిన్న కెమెరాల ముందు స్టాండర్డులో దూరదు. కట్టడాలు తీసేవారి సామాను అది. కొండలెక్కేవారికి అక్కరలేదు.

తేలికదనం ఒక్కటే కావాలంటే వీటన్నిటినీ ఓడించేది ష్నైడర్ పాత ఆంగులాన్ 90 మి.మీ. ఎఫ్/6.8. పేరులో సూపర్ లేని ఈ చిన్న లెన్సు అరచేతిలో ఇమిడిపోతుంది, నిక్కోర్ బరువులో సగం కూడా ఉండదు, కొన్ని కెమెరాలను దీన్ని బిగించి ఉంచే మడిచేయవచ్చు. కానీ దీని వలయం 154 మి.మీ., అంటే ఫిల్ము కర్ణంతో సమానం. రైజ్‌కు చోటే లేదు. టిల్ట్‌కు కావలసిన 5 మి.మీ. కూడా మిగలదు. మూలలు తేటగా రావాలంటే ఎఫ్/22కో అంతకంటే లోపలికో మూయాలి. గాజు మీది పూత, అంటే కోటింగు, పాతది కావడంతో సూర్యుడు ఫ్రేముకు దగ్గరగా ఉంటే నీడల్లో తెల్లటి పొర కమ్ముతుంది. కెమెరాను సమంగా నిలిపి, ఉన్నదున్నట్టు తీసేవారికి, రోజంతా నడిచేవారికి ఇది చక్కటి తోడు. నాకు మాత్రం గండికోట అంచున నిలబడి నదిని ఫ్రేములోకి దించలేకపోవడం కంటే రెండు వందల గ్రాములు ఎక్కువ మోయడమే నయమనిపిస్తుంది.

డబ్బుకు లోటు లేనివారికి రెండు లెన్సులున్నాయి. ష్నైడర్ సూపర్ సిమ్మార్ ఎక్స్‌ఎల్ 80 మి.మీ. ఎఫ్/4.5 బరువు 271 గ్రాములే, వలయం 212 మి.మీ., వెలుగు నిక్కోర్ కంటే స్టాపున్నర పైగా ఎక్కువ. నిజం చెప్పాలంటే బరువూ వలయమూ వెలుగూ మూడూ కలిపి చూస్తే ఇదే మొదటి స్థానంలో ఉండాలి. వాడిన లెన్సుల బజారులో దీని ధర నిక్కోర్ ధరకు రెట్టింపు కంటే ఎక్కువ పలుకుతుంది. అంత పెట్టి కొన్నదాన్ని జారుడు రాళ్ళ మీదికి తీసుకెళ్ళడానికి చెయ్యి ఆడదు. 110 మి.మీ. ఎక్స్‌ఎల్ బరువు 425 గ్రాములు, వలయం 288 మి.మీ. అది వెడల్పు తక్కువైనా కెమెరాకు సుఖమైన లెన్సు, ఆ సంగతి బెలోస్ (కెమెరా ముందు, వెనుక భాగాలను కలిపే మడతల తిత్తి) దగ్గర చెబుతాను.

నిక్కోర్‌కు ఉన్న పెద్ద ఇబ్బంది ఎఫ్/8 వెలుగు. నంది కొండ మీద సూర్యోదయానికి ముందు, మంచు కదులుతున్న వేళ, డార్క్ క్లాత్ అనే నల్లగుడ్డ కింద దూరి, కెమెరా వెనుక బొమ్మ పడే గరుకు గాజును (గ్రౌండ్ గ్లాస్) చూస్తే మధ్యలో బూడిదరంగు మచ్చ, మూలల్లో చీకటి తప్ప మరేమీ కనిపించదు. ఎఫ్/4.5 లెన్సుకు ఇది స్టాపున్నరకు పైగా వెనుకబడి ఉంటుంది, ఆ తేడా ఆ గడియలో బాగా తెలుస్తుంది. వైడ్ యాంగిల్ లెన్సు నుంచి మూలలకు వెలుగు ఏటవాలుగా వస్తుంది కాబట్టి, గాజు వెనుక ఆ వెలుగును కంటి వైపు మళ్ళించే ఫ్రెనెల్ పలక ఉంటే పరిస్థితి చాలా మెరుగుపడుతుంది. భూతద్దాన్ని కూడా నిటారుగా కాక లెన్సు వైపు వంచి పట్టుకోవాలి. ముందున్న రాయి మీద చిన్న టార్చి పెట్టి ఆ చుక్క మీద ఫోకస్ కుదర్చడం నేను పాటించే పద్ధతి. దూరం కోసం ఊరి దీపం ఏదో ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. వెలుగు వచ్చాక ఈ కష్టం ఉండదు. పగటిపూట మాత్రమే తీసేవారు ఎఫ్/8 అన్న మాటకు భయపడనక్కరలేదు, ఎటూ తీసేది ఎఫ్/22లోనో ఎఫ్/32లోనో కదా.

ఎఫ్/22, ఎఫ్/32 అనే ఆ రంధ్రాల గురించి ఒక మాట. 4×5 నెగటివుకు 0.1 మి.మీ. మసకను అంగీకరిస్తే, ఎఫ్/22 దగ్గర 90 మి.మీ. లెన్సును 3.7 మీటర్లకు ఫోకస్ చేస్తే 1.85 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. మీటరు దూరంలోని గడ్డిపూవును ముందు పెట్టుకుంటే తప్ప టిల్ట్ అవసరమే పడదు. పెద్దగా వంచితే దగ్గర్లో నిలువుగా లేచిన చెట్టు కొమ్మ స్పష్టత పరిధి దాటిపోతుంది. అందువల్ల రాళ్ళూ పొదలూ కలిసిన చోట లెక్క చెప్పిన 3.4 డిగ్రీలకు బదులు రెండు డిగ్రీల లోపు వంచి ఎఫ్/32కు మూయడం మంచిది. ఎఫ్/45 దాటితే వివర్తనం (సన్నటి రంధ్రం అంచున వెలుగు వంగి చెదరడం) వల్ల రాతి మీది సన్నటి గీతలు మెత్తబడతాయి.

మూలల చీకటి ఈ లెన్సులన్నిటికీ ఉన్నదే. మామూలు లెన్సులో అంచు వెలుగు కోణపు కొసైన్ నాలుగో ఘాతం ప్రకారం తగ్గుతుంది. 90 మి.మీ. లెన్సుతో 4×5 మూల దగ్గర అది 1.6 స్టాపుల నష్టం. సోవియట్ శాస్త్రవేత్త మిహాయిల్ రూసినోవ్ 1940లలో చూపిన దారిలో రూపొందిన ఈ తరం వైడ్ యాంగిల్ లెన్సులు, పక్క నుంచి చూసినప్పుడు కూడా రంధ్రం పెద్దగా కనిపించేలా ముందు, వెనుక గాజులను మలచుకుని, ఆ నష్టాన్ని ఇంచుమించు మూడో ఘాతానికి, అంటే 1.2 స్టాపుల దగ్గరికి తెచ్చాయి. నిక్కోర్ ముందు గాజు ఉబ్బెత్తుగా, లోపల రంధ్రం సన్నగా కనిపించడానికి కారణం అదే. రైజ్ ఇస్తే ఒకవైపు నష్టం మళ్ళీ పెరుగుతుంది, ఆకాశం పై మూల ముదురు రంగులోకి దిగుతుంది. దీనికి మందు, నడిమి వెలుగును తగ్గించి అంచులతో సమం చేసే సెంటర్ ఫిల్టర్. ఇతర కంపెనీల 67 మి.మీ. సెంటర్ ఫిల్టర్లు నిక్కోర్‌కు బిగుస్తాయి. అయితే అవి దాదాపు స్టాపున్నర వెలుగు తింటాయి, వాటి ముందు అంచు 86 మి.మీ. అవడంతో మిగతా ఫిల్టర్లన్నీ పెద్దవి కొనవలసి వస్తుంది, ధర కొన్నిసార్లు లెన్సు ధరను అందుకుంటుంది. ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 వంటి నలుపు తెలుపు నెగటివు వాడే నేను దాన్ని కొనలేదు. ప్రింటులో ఆ మాత్రం అంచును సరిచేయడం కష్టమేమీ కాదు, పైగా ఆకాశం కాస్త ముదిరితే నాకిష్టం. వెల్వియా వంటి స్లైడ్ ఫిల్ము వాడేవారికి ఈ వెసులుబాటు లేదు. వారు సెంటర్ ఫిల్టరు బరువును కూడా కలుపుకునే లెన్సు ఎంచుకోవాలి.

తూకం చిట్టాలో కనిపించని బరువు ఇంకొకటి ఉంది. 90 మి.మీ. లెన్సు అనంతానికి ఫోకస్ అయినప్పుడు ముందు, వెనుక స్టాండర్డులు చాలా దగ్గరగా వస్తాయి. మామూలు బెలోస్ మడతలు నొక్కుకుపోయి రైజ్‌కు అడ్డం తిరుగుతాయి. అప్పుడు మెత్తటి సంచిలాంటి బ్యాగ్ బెలోస్ కావాలి, లేదా లెన్సును బిగించే పలక, అంటే లెన్సు బోర్డు, లోతుగా ఉన్నది కావాలి. పెద్ద వలయం గల లెన్సు కొని బెలోస్ మార్చకపోతే ఆ వలయం సగం వృథా. 110 మి.మీ. లెన్సుతో ఈ గొడవ లేదు, ఆ ఇరవై మి.మీ. దూరం బెలోస్‌కు ఊపిరి ఆడనిస్తుంది. నిలువు ఫ్రేముల్లో మరో చిక్కు కెమెరా అడుగు పలక: అది చూపులోకి వచ్చి కింది అంచున నల్లగా పడుతుంది. పలకను దించే వీలున్న కెమెరా కాకపోతే కొద్దిగా రైజ్ ఇచ్చి తప్పించుకోవాలి. మూలలు కత్తిరించిన గ్రౌండ్ గ్లాస్ ఉంటే, ఆ సందులోంచి లెన్సు రంధ్రాన్ని చూడవచ్చు. అది గుండ్రంగా కనిపించినంత వరకు భయం లేదు, నిమ్మతొన ఆకారంలోకి మారితే బెలోసో ఫిల్టరు అంచో అడ్డు వస్తున్నట్టు.

లెన్సు బోర్డు విషయం చిన్నదే. ఈ లెన్సుకు ఉండే కోపాల్ 0 కొలత షట్టరుకు 34.6 మి.మీ. రంధ్రం కావాలి. తయారుగా ఉన్న బోర్డు దొరకకపోతే 96 × 99 మి.మీ. లిన్‌హాఫ్ కొలత ఖాళీ బోర్డు తెచ్చుకుని బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యాలో లేతు పని చేసేవారి దగ్గర కోయించవచ్చు. నేను వెళ్ళిన చోట ఆ యజమాని హిందూపురం ఆయన. "పావు గంట పని సార్, దీనికోసం సిటీ దాటి వచ్చారా" అంటూనే వెర్నియర్‌తో మూడుసార్లు కొలిచి తెగ్గోశారు. లోపలి అంచుకు నల్లరంగు వేయించడం మరచిపోకూడదు, మెరిసే అల్యూమినియం నుంచి వెలుగు చెదురుతుంది.

నికాన్ 2006లోనే లార్జ్ ఫార్మాట్ లెన్సుల నుంచి తప్పుకుంది, కోపాల్ షట్టర్ల తయారీ కూడా ఆగిపోయింది. కాబట్టి కొనేది వాడిన సరుకే, ఎక్కువగా జపాను నుంచి. దిగుమతి సుంకం, పన్ను, కొరియర్ వారి రుసుము కలిపి చూసుకోకుండా ధర చౌక అనుకోవద్దు. షట్టరు ఒక సెకను, అర సెకను వేగాల్లో ఆగకుండా నడుస్తోందో లేదో వీడియో అడగాలి. ముందుగా మొరాయించేవి నిదానపు వేగాలే, ప్రకృతి దృశ్యాలకు కావలసినవీ అవే. వెనుక నుంచి టార్చి వేసి తీసిన ఫోటో అడిగితే బూజు, పొగమంచులాంటి పొర, గాజుల అతుకు విడిపోవడం బయటపడతాయి. సూపర్ ఆంగులాన్ లోపలి అంచున తెల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు కాదు, గాజు అంచుకు పూసిన నల్లరంగు పెచ్చులూడటం. బొమ్మ మీద దాని ప్రభావం సాధారణంగా ఉండదు, బేరానికి పనికొస్తుంది. బూజు ఉన్నది మాత్రం ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకండి. బెంగళూరు వానాకాలంలో అలమారలో పెట్టిన మంచి లెన్సులే బూజు పడతాయి. డ్రై క్యాబినెట్ లేకపోతే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచి, ఆ గింజలను అప్పుడప్పుడు వేయించి ఆరబెట్టాలి.

శుభ్రమైన నిక్కోర్ దొరకనప్పుడు నా రెండో ఎంపిక ఫుజినాన్ ఎస్‌డబ్ల్యూ 90 మి.మీ. ఎఫ్/8. రైజ్‌లో ఒక సెంటీమీటరు తక్కువ, బరువు కొంచెం ఎక్కువ, ధర తరచు తక్కువ. కొనేముందు దాని పేరు ఎక్కడ రాసి ఉందో చూడండి. అక్షరాలు ముందు గాజు చుట్టూ లోపలి రింగు మీద ఉంటే అది ఒకే పొర కోటింగు గల పాత రకం. గొట్టం బయటి వైపున ఉంటే మల్టీకోటింగు గల తరువాతి రకం, ఎదురెండలో తీసేవారు వెతకవలసింది దాన్నే.